షాబాద్ చుట్టం

మొయినాబాద్‌లో నెట్ సెంటర్ నడిపిన తొమ్మిదేళ్లలో నేను ఎక్కువగా చేసిన పని ఏదంటే, కుర్చీలోంచి లేవడం, మళ్లీ కూర్చోవడం. ఇప్పుడు మోకాళ్లు నొప్పులంటే డాక్టరు వయసు అంటాడు. నాకు మాత్రం ఆ ఆరు కంప్యూటర్ల మీదే అనుమానం.

చేవెళ్ల రోడ్డు మీద, బస్సులు ఆగే చోటికి నాలుగు షట్టర్ల అవతల మా షాపు. ముందు జిరాక్స్ మిషను, వెనక కంప్యూటర్లు. గచ్చిబౌలి వైపు కంపెనీల అద్దాల మేడలు లేస్తున్న రోజులవి. మా వైపు కంపెనీలు రాలేదు గానీ వాటి గాలి వచ్చింది. చేలల్లో ప్లాట్ల రాళ్లు పాతారు. జన్వాడ చుట్టూ ఫాంహౌసుల గోడలు లేచాయి. పిల్లలు కంప్యూటర్ ముందు కూర్చుంటే చాలు, ఉద్యోగం దానంతటదే వస్తుందన్న నమ్మకం ఇంటింటికీ పాకింది. మా ఆయన ఆ ఫాంహౌసుల్లో బోరు మోటార్లు బాగుచేసేవాడు. మిగిలిన పొద్దంతా మా ఊరు హిమాయత్‌నగర్‌లో, సిటీలోది కాదు, మొయినాబాద్ పక్క పల్లె, మా ఎకరన్నర కొత్తిమీర, పాలకూర మడుల్లో ఉండేవాడు. ఇంటర్ చదివి, టైపు నేర్చుకుని, ఊరికే కూర్చున్న మనిషిని ఇంట్లో నేనొక్కదాన్నే కాబట్టి షాపు నా నెత్తిన పడింది.

కంప్యూటర్లు సిటీలో మూసేసిన ఒక సెంటర్ నుంచి తెచ్చాం. వాటితో పాటు ప్లైవుడ్ అరలు, ఒక్కో అరకు ఒక కర్టెను కూడా వచ్చాయి. ఆ కర్టెన్లు దేనికో మొదటి వారంలోనే తెలిసింది. అన్నీ పీకేసి ఇంట్లో బియ్యం డబ్బాల మీద కప్పాను. వడ్రంగిని పిలిచి అరలను నడుము ఎత్తుకు కోయించాను. తెరలన్నీ నా కుర్చీ వైపు తిప్పించాను. పదో తరగతి లోపు పిల్లలు పెద్దవాళ్లు లేకుండా రాకూడదని అట్టముక్క మీద రాసి గోడకు వేలాడదీశాను.

"ఇదేం నెట్ సెంటరక్కా, సర్కారు బడి లెక్కున్నది" అనేవారు కాలేజీ పిల్లలు.

"బడే అనుకొని కూసో. బెత్తం గూడ ఉన్నది" అనేదాన్ని.

బెత్తం లేదు, కళ్లే ఉన్నాయి. దూరం నుంచి అక్షరాలు కనిపించవు కాబట్టి రంగును బట్టి కనిపెట్టేదాన్ని. తెర మీద మనిషి ఒంటి రంగు ఎక్కువైతే చాలు, లేచేదాన్ని. ఒకసారి అలాగే దూసుకుపోయి ఒక పెద్దమనిషి వెనక నిలబడి గట్టిగా దగ్గాను. పాపం, ఆయనది కోళ్ల ఫారం. ఈకలు పీకే మిషను బొమ్మలు చూసుకుంటున్నాడు. తెర నిండా బోడి కోళ్లు. "ఏందమ్మా, నీకు గూడ గావాల్నా మిషను?" అని అడిగాడు. ఆ సంగతి చెబితే మా ఆయన వారం రోజులు నవ్వాడు.

అట్లా నాకు పేరొచ్చింది. ఆ అక్క షాపుకైతే పంపొచ్చు అనేవారు. షాబాద్ రోడ్డు పల్లెల నుంచి కూడా తల్లులు పిల్లల్ని తెచ్చి, "జర మావోన్ని జూడక్కా, నేను కూరగాయలు అమ్ముకొనొస్త" అని వదిలిపోయేవారు. వాళ్లకు పెద్దవాళ్లతో రావడం అంటే నాకు అప్పజెప్పడం. పొద్దున పదింటి నుంచి సాయంత్రం ఆరున్నర దాకా ఆరు తెరలు, ఆరుగురి వీపులు చూస్తూ కూర్చుంటే ఇంటికి పోయాక నా బిడ్డ మొహం చూడాలన్నా కళ్లు లాగేవి. అలసట అంటే ఒళ్లు నొప్పులే అనుకునేదాన్ని. చూసి చూసి కళ్లు ఇంకేమీ పట్టించుకోకుండా పోవడం కూడా అలసటేనని అప్పుడు తెలియదు.

నా బిడ్డ అప్పుడు తొమ్మిదో తరగతి. మొయినాబాద్‌లోనే ప్రైవేటు బడి. నాలుగున్నరకు బడి వదిలితే నేరుగా షాపుకొచ్చేది. షాపు మూసేదాకా ఉండి, ఇద్దరం కలిసి షేర్ ఆటోలో హిమాయత్‌నగర్ పోయేవాళ్లం. మూడో నంబరు కంప్యూటర్ ఖాళీగా ఉంటే దాని ముందు కూర్చునేది. హోంవర్కు అయ్యాక చాటింగ్ చేసేది. నేను వద్దనలేదు. నా కళ్ల ముందే కదా అనుకున్నాను. అక్కడికొచ్చే ప్రతివాడూ ముందు వయసెంత, ఆడా మగా, ఏ ఊరు అని మూడు ఇంగ్లీషు అక్షరాల్లో అడిగేవాడు. అలా అడిగినవాళ్లకు జవాబు పెట్టొద్దని చెప్పాను. అది పెట్టేది కాదు. చెప్పిన మాట వినే పిల్ల.

ఇక్కడ మా వైపు పద్ధతి ఒకటి చెప్పాలి. మా దగ్గర పిల్లల్ని పేరు అడగరు. "ఎవరింటి బిడ్డవు?" అని అడుగుతారు. అడిగితే ఊరు, తాత పేరు, తండ్రి పేరు, ఇల్లు ఎక్కడో వరుసగా చెప్పాలి. పేరొక్కటే చెప్పి ఊరుకుంటే పిల్లనేమీ అనరు, "తల్లి ఏం నేర్పినట్టు?" అంటారు. అందుకని నా బిడ్డకు మాటలు వచ్చీరాగానే ఇది నేర్పాను. ఐదేళ్లప్పుడు ఆటోలో ఒక ముసలమ్మ అడిగితే గుక్క తిప్పుకోకుండా అంతా ఒప్పజెప్పింది. ముసలమ్మ వేళ్ల మీద వరుసలు లెక్కేసి, మాకు దూరపు చుట్టమని తేల్చి, బుట్టలోంచి రెండు సీతాఫలాలు తీసి ఒళ్లో పెట్టింది. ఆ పూట నేను ఎంత పొంగిపోయానో!

ఒక సాయంత్రం వాన. షాపులో మా ఇద్దరితో పాటు ఇంకొకరే ఉన్నారు. నా బిడ్డ "అమ్మా, ఇటు జూడు" అని పిలిచింది. వెళ్లి వెనక నిలబడ్డాను. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాట: నమస్తే తల్లీ, ఎవరింటి బిడ్డవు, ఏ ఊరు.

వయసెంత అని అడగలేదు. ఆడా మగా అని అడగలేదు. నమస్తే అన్నాడు, తల్లీ అన్నాడు. నాకు ముచ్చటేసింది.

"ఎవరో పెద్దమనిషి లెక్కున్నడు. చెప్పు" అన్నాను.

"చెప్పాల్నా?" అంది.

"చెప్పకుంటే పొగరంటరు."

చిన్నప్పుడు నేర్పినట్టే వరుసగా పెట్టింది. ఆయన తనది షాబాద్ అన్నాడు. నాకు ఉషారొచ్చింది. మా అత్త చెల్లెల్ని ఇచ్చింది షాబాద్‌లో కిరాణం దుకాణం వాళ్లింటికే, ఆమెకు నలుగురు కొడుకులు. "షాబాద్‌ల ఎవరింట్ల అని అడుగు" అన్నాను. రోడ్డు మీదనే అని జవాబొచ్చింది. "కిరాణం ఇల్లా అని అడుగు." అవును, అదే. "నలుగురు అన్నదమ్ములు గదా, చిన్నాయననా అని అడుగు." అవును, చిన్నవాణ్ణే, పుణెలో ఉంటా.

కిరాణం ఇంటి చిన్న కొడుకును నేను చూసింది ఒక్కసారి, పెళ్లిలో. పుణె పోయాడని విన్నట్టే అనిపించింది. ఆ సాయంత్రం షాబాద్, పుణె అన్న రెండు మాటలు తప్ప ఆయన చెప్పిందేమీ లేదని, అన్నీ నేనే చెబితే ఆయన అవునన్నాడని అర్థం కావడానికి నాకు నెల పట్టింది.

"మీ బాపుకు తమ్ముని వరుస. నీకు చిన్నాయన అయితడు" అని తేల్చాను. నా బిడ్డ నమస్తే చిన్నాయనా అని పెట్టింది. ఇంతలో ఎవరో జిరాక్స్ కోసం వస్తే ముందుకు వచ్చేశాను. ఆ తర్వాత కూడా ఆయన అప్పుడప్పుడు పలకరించేవాడు. ఏ బడి అని అడిగి, బాగా చదువుకో అనేవాడు. బాపు ఏ రోజుల్లో జన్వాడ పోతాడని, అమ్మ షాపు ఎన్నింటికి మూస్తుందని అడిగేవాడు. దాటిపోతూ ఒకటి రెండుసార్లు నేనూ చదివాను. ఇంటి మనిషి అడిగే మాటలే అవి. తెర మీద ఒంటి రంగు ఏమీ లేదు.

నెల తర్వాత, ఒక బుధవారం, మధ్యాహ్నం మూడు గంటలప్పుడు షాపులో ఫోను మోగింది. బడి నుంచి పెద్దసారు. "అమ్మా, మీరు షాపులనే ఉన్నరా? మీకేం కాలేదు గదా?" అన్నాడు.

నాకేమవుతుంది? నేను కుర్చీలో ఉన్నాను.

ఎలా పరిగెత్తానో తెలియదు. షట్టరు దింపానో లేదో కూడా గుర్తులేదు. గేటు దగ్గర, బడిలో పిల్లల్ని చూసుకునే ఆయమ్మ నన్ను చూసి ఏడుపు మొదలుపెట్టింది. నా బిడ్డ ఆఫీసు గదిలో బల్ల మీద కూర్చుని ఉంది. దాని చేతులు, మొహం, జడ అన్నీ తడిమి చూశాను. అన్నీ ఉన్నాయి. అప్పుడు దాని పక్కనే బల్ల మీద కూర్చున్నాను.

జరిగిందిది. మోటారు సైకిల్ మీద ఒకడు వచ్చాడు. తెల్ల చొక్కా, నెమ్మది మాట. పిల్ల తల్లి షాపులో కింద పడింది, దవాఖానలో ఉంది, తోలుకురమ్మన్నది అని చెప్పాడు. ఆయమ్మ మంచిదే. ఊరికే పంపే మనిషి కాదు. మా వైపు పద్ధతిలోనే అన్నీ అడిగింది. పిల్ల తాత పేరేంది, తండ్రి ఏం జేస్తడు, ఇల్లేడ, తల్లి షాపేడ. అన్నింటికీ గుక్క తిప్పుకోకుండా జవాబు చెప్పాడు. నువ్వేమైతవు అంటే మేనమామనన్నాడు. మేనమామ అంటే ఎవరు ఆపుతారు? ఆయమ్మ పోయి పిల్లను పిలుచుకొచ్చింది.

నా బిడ్డ ఏడ్చుకుంటూనే గేటు దాకా వచ్చిందట. వాడు బండి స్టార్ట్ చేసి, "రా కోడలా, జల్ది" అన్నాడట.

అది అక్కడ ఆగింది. "నువ్వెవరు?" అని అడిగింది.

"షాబాద్ చుట్టాన్ని, కంప్యూటర్ల మాట్లాడుతం గదా" అన్నాడట.

"షాబాద్ చిన్నాయనవైతే కోడలా అంటవేంది?"

వాడు నవ్వి, "ఏదైతేంది, ఎక్కు" అన్నాడట.

ఏదైతేంది! మా దగ్గర నాలుగేళ్ల పిల్ల కూడా ఆ మాట అనదు. తండ్రి తమ్ముడు కోడలా అని పిలవడం చచ్చినా జరగదు. కూతురి వరుస వేరు, కోడలి వరుస వేరు. ఇంకెంతమంది పిల్లల దగ్గర ఏ వరుసలు కలిపాడో, వాడికి లెక్క తప్పింది. నా బిడ్డ వెనక్కి నడిచి, గేటు లోపలికొచ్చి, ఆయమ్మ కొంగు పట్టుకుని గట్టిగా అరిచింది. వాడు చేవెళ్ల వైపు పోయాడు.

స్టేషన్‌లో కాగితం రాసిచ్చాం. షాబాద్‌కు కబురు పెడితే కిరాణం ఇంటి చిన్నవాడు పుణెలో కాదు, శంకర్‌పల్లిలో ఉన్నాడని, వాడికి కంప్యూటర్ అంటేనే తెలియదని చెప్పారు. చాటింగ్‌లో ఆ పేరు మళ్లీ కనబడలేదు. వాడు దొరకలేదు.

ఆ బుధవారం సాయంత్రమే మా ఆయన వాకిట్లో నిలబడి బిడ్డను అడిగాడు. గొంతు పెంచలేదు. ఆయన గొంతు పెంచడు. అందుకే భయం. "మన ఇంటి సంగతులన్నీ వానికెవరు జెప్పిన్రు?"

నా బిడ్డ నా వైపు చూసింది. చాలాసేపు కాదు. ఒక గ్లాసు నీళ్లు తాగేంతసేపు. నేను చూపు తిప్పుకున్నాను. మా అత్త అక్కడే ఉంది. పక్కింటివాళ్లు గోడ దగ్గర ఉన్నారు. ఊరందరి పిల్లల్ని కాపాడే మనిషినన్న పేరు నాకుంది. ఏ కారణం చెప్పుకున్నా, అప్పుడు నేను నోరు విప్పలేదు.

"నేనే పెట్టిన బాపూ" అంది.

"రేపటి సంది బడి లేదు" అన్నాడాయన.

మర్నాటి నుంచి అది వాళ్ల నానమ్మతో మడిలో కొత్తిమీర కట్టలు కట్టింది. నేను షాపుకు పోయాను. కబురు నాకంటే ముందే మొయినాబాద్ అంతా తిరిగింది. తల్లులు వరసపెట్టి వచ్చారు. "మా పోరికేం జెప్పాల్నక్కా?" అని అడిగారు. నేను చెప్పాను, తెలియనివాళ్లకు ఊరు చెప్పనీయొద్దు, బడి పేరు చెప్పనీయొద్దు, వరుసలు కలపనీయొద్దు అని. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్లో పడ్డట్టయింది నా బతుకు. బల్లి పడ్డ సంగతి మాత్రం ఎవరికీ తెలియదు. ఒకామె నా చేయి పట్టుకుని, "నువ్వింత జాగర్త మనిషివి, మరి నీ బిడ్డ ఎట్ల జెప్పింది?" అంది.

"ఈ కాలం పిల్లలు" అని నిట్టూర్చాను.

ఆ మాట నేనే అన్నాను. ఇన్నేళ్లయినా దాన్ని తలచుకుంటే నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

ఏడో రోజు మా ఆయన ఒక తెల్ల కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. బడి నుంచి టీసీ తీసుకోవడానికి దరఖాస్తు. ఆయనకు రాత అంత బాగా రాదు. మొయినాబాద్‌లో సగం మంది దరఖాస్తులు రాసేదాన్ని నేనే. "ఇంటి ఇబ్బందుల వల్ల అని రాయి" అన్నాడు. తేదీ వేశాను. పెద్దసారు గారికి అని రాశాను. బిడ్డ పేరు రాయాల్సిన చోట చేయి ఆగింది.

బయట అది మోటారు కింద కొత్తిమీర కడుగుతోంది. తొమ్మిదో తరగతిలో లెక్కల్లో అది ఫస్టు. సంతకం పెడితే ఆ చదువు అక్కడితో సరి.

"నేనే చెప్పించిన" అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. మొదటి నుంచి చెప్పాను. వాన సాయంత్రం, నమస్తే తల్లీ, కిరాణం ఇల్లా అని నేను అడిగించడం, చిన్నాయన అని వరుస తేల్చడం. చెబుతుంటే ఏడుపు వచ్చింది. ఆయన ఆపమనలేదు. అంతా విన్నాక కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"చదువుకున్నదానివి" అన్నాడు. అంతే. తిట్టినా బాగుండేది. చెప్పులేసుకుని మడి వైపు పోయాడు.

మర్నాడు నా బిడ్డ బడికి బయలుదేరింది. ఆటో కోసం రోడ్డు మీద నిలబడ్డాం. పుస్తకాల సంచి భుజాన వేసుకుని నా పక్కనే నిలబడింది గానీ చూపు ఆటోలు వచ్చే దిక్కే ఉంది. నేనే అడిగాను.

"అమ్మనే చెప్పమన్నదని మొదటి దినమే ఎందుకు జెప్పలేదే?"

"నువ్వే చెప్తవని చూసిన" అంది. కోపంగా అనలేదు. సంచిని ఇంకో భుజానికి మార్చుకుని, "వారం దినాలు చూసిన" అంది.

ఆటో వచ్చింది. ఎక్కాం.

తర్వాత అది బాగానే చదువుకుంది. పది, ఇంటర్, ఇంజనీరింగ్. అప్పట్లో గచ్చిబౌలి వైపు లేచిన అద్దాల మేడల్లాంటి దాంట్లోనే ఉద్యోగం. బడి రోజుల్లో సాయంత్రాలు ఎప్పటిలాగే మూడో నంబరు కంప్యూటర్ ముందు కూర్చునేది గానీ "అమ్మా, ఇటు జూడు" అని మళ్లీ ఎప్పుడూ పిలవలేదు. నేను వెనక నిలబడితే చేయి మౌసు మీది నుంచి తీసి, నేను పోయేదాకా ఊరుకునేది. తెర మీద లెక్కలే ఉండేవి. నాకు చూపకూడనిది ఏమీ లేదు. చూపాలన్న కోరికే పోయింది. పిల్లల్ని కాపాడాలంటే కర్టెన్లు పీకితే చాలదు. వాళ్లకై వాళ్లు వచ్చి చెప్పాలి. వచ్చి చెప్పడానికి మనిషి ఉండాలి. నేను వారం రోజులు ఆ మనిషిగా లేను. నా బిడ్డకు ఆ వారం చాలింది.

దాని పెళ్లిలో, కాలేజీలో దానితో చదువుకున్న పిల్ల ఒకతి భోజనాల దగ్గర నా పక్కన కూర్చుంది. మాటల్లో, ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో ఎవడో నా బిడ్డ ఫొటోకు ఏవేవో అంటించి నెట్‌లో పెట్టాడని, ఇది పదిహేను రోజులు అన్నం సరిగా తినలేదని, చివరికి ఇద్దరూ పోయి ఫిర్యాదు చేసి తీయించారని చెప్పింది. పదిహేను రోజులు. ఆ ఏడాది అది ప్రతి ఆదివారం ఇంటికొచ్చేది. నా చేతి పప్పు తిని పోయేది. నా మొహం ఎలా మారిందో, ఆ పిల్ల గాబరాగా, "మీకు తెలుసనుకున్న ఆంటీ" అంది.

"తెలుసు బిడ్డా" అన్నాను.

నా బిడ్డ పట్టుచీరలో మా వెనకే నిలబడి ఉంది. విన్నది. ఆ పిల్ల విస్తట్లో ఇంకో బూరె వేయించి, అవతలి వరసకు పోయింది.